పొడిగింపు ఎవరి చేతిలో ఉంది?

(వలస వెళ్ళిన స్త్రీల సమస్యలపై జరిగిన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఉదయం నుంచి జీతాలు ఎగ్గొట్టడం గురించీ, ఏజెంట్ల మోసాల గురించీ, ఇళ్ళల్లో పనిచేసే స్త్రీల మీద జరిగే హింస గురించీ చాలామంది మాట్లాడారు. వాటన్నిటి వెనకా ఉండే ఒక విషయాన్ని నేను తీసుకుంటాను. అది వీసా పొడిగింపు. వినడానికి ఇది ఆఫీసు గుమాస్తాల వ్యవహారంలా ఉంటుంది. స్త్రీల సభలో దీని గురించి మాట్లాడటానికి ఏముంది అని కూడా అనిపించవచ్చు. కానీ పరాయి దేశంలో ఉన్న స్త్రీ కొట్టే మొగుణ్ణి వదిలి బయటికి రాగలదా, ఆర్నెల్లుగా జీతమివ్వని యజమానిని గట్టిగా అడగగలదా, ఒంట్లో బాగా లేకపోతే ఆసుపత్రికి వెళ్ళగలదా అనే ప్రశ్నలన్నీ చివరికి పాస్‌పోర్టులో ఉన్న ఒక తేదీ దగ్గరికే వచ్చి ఆగుతాయి.

2020లో కరోనా వచ్చినప్పుడు ఆ తేదీ అందరికీ ఒకేసారి సమస్య అయింది. వెళ్ళిపోవడానికి విమానాలు లేవు, ఉండటానికి వీసా లేదు. అప్పుడు ప్రభుత్వాలు ఏం చేశాయి, ఎవరికి చేశాయి, ఎవరిని వదిలేశాయి అని చూస్తే మామూలు రోజుల్లో కనిపించని ఒక ఏర్పాటు బయటపడుతుంది. కరోనా ఆ ఏర్పాటును పుట్టించలేదు. దాని మీద ఉన్న ముసుగు కొంచెంసేపు తీసింది, అంతే.

ముందుగా ఆ ఏర్పాటు ఏమిటో చెప్పుకుందాం. నర్సుల్లాగా, ఇంజనీర్లలాగా సొంత ఉద్యోగం మీద విదేశాలకు వెళ్ళే స్త్రీలు ఉన్నారు. కానీ మన ప్రాంతాల నుంచి వెళ్ళే స్త్రీలలో చాలామంది రెండు దారుల్లో వెళ్తారు. ఒకటి, భర్త వెంట భార్యగా వెళ్ళడం. రెండు, ఇంటి పనికి పనిమనిషిగా వెళ్ళడం. మొదటి దారిలో ఆమెకు ఉండే అనుమతి భర్త వీసాకు తోకలా ఉంటుంది. రెండో దారిలో యజమాని పేరు మీద ఉంటుంది. గల్ఫ్ దేశాల్లో దీన్ని కఫాలా అంటారు. హామీగా నిలబడే మనిషి కఫీల్. మనవాళ్ళు అకామా అని పిలిచే నివాస అనుమతిని ఆ కఫీల్ తెప్పించాలి, ఆ కఫీలే పొడిగించాలి. వద్దనుకుంటే రద్దు చేయించవచ్చు. మగ కూలీలు కూడా కఫాలా కింద నలిగేవాళ్ళే. కాకపోతే వాళ్ళు క్యాంపుల్లో పదిమందితో కలిసి ఉంటారు. ఇంటి పని చేసే స్త్రీ కఫీల్ ఇంట్లోనే, అతని తలుపు లోపలే ఉంటుంది. తండ్రి చాటు, భర్త చాటు, కొడుకు చాటు అని మనం ఇన్నేళ్ళుగా విమర్శిస్తూ వచ్చిన కట్టుబాటే వీసా ఫారంలో స్పాన్సర్ అనే గడిగా కనిపిస్తుంది.

నా సంగతి చెబుతాను. 2020 ఫిబ్రవరి చివరి వారంలో నేను షార్జాలో ఉన్న మా చెల్లెలి ఇంటికి వెళ్ళాను. ఇళ్ళల్లో పనిచేసే తెలుగు స్త్రీలను కలవాలని నెల రోజుల విజిట్ వీసా తీసుకున్నాను. మార్చి 22 నుంచి మన ప్రభుత్వం అంతర్జాతీయ విమానాలను ఆపేసింది. మార్చి 25 నుంచి యూఏఈ కూడా ఆపింది. సరిగ్గా ఆ వారంలోనే నా వీసా గడువు అయిపోయింది. గడువు దాటిన విజిట్ వీసా మీద అప్పట్లో రోజుకు 100 దిర్హములు జరిమానా ఉండేది. పొడిగించుకుందామంటే టైపింగ్ సెంటర్లు మూసి ఉన్నాయి. ట్రావెల్ ఏజెంటుకు ఫోన్ చేస్తే పొద్దున ఒక మాట, సాయంత్రం ఒక మాట. నేను రోజూ జరిమానా లెక్క వేసుకుంటూ కూర్చునేదాన్ని.

ఏప్రిల్ మధ్యలో ఒక ప్రకటన వచ్చింది. మార్చి 1 తరువాత గడువు ముగిసిన నివాస వీసాలు, విజిట్ వీసాలు అన్నీ 2020 డిసెంబరు 31 వరకు చెల్లుతాయన్నారు. దరఖాస్తు పెట్టక్కర్లేదు, ఫీజు కట్టక్కర్లేదు, స్పాన్సర్ సంతకం తేవక్కర్లేదు. జూలైలో ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకుని, విజిట్ వీసా వాళ్ళు నెలలోపు వెళ్ళిపోవాలన్నారు. తరువాత దాన్ని మళ్ళీ ఇంకో నెల పెంచారు. నేను జూలై చివర్లో వందే భారత్ విమానంలో, నా టిక్కెట్టు నేనే కొనుక్కుని హైదరాబాదు చేరాను. నాకు డాక్టరేట్ ఉంది, ఇంగ్లీషు వచ్చు, చెల్లెలి ఇంట్లో ఒక గది ఉంది, బ్యాంకులో కొంత డబ్బు ఉంది. నేను పడింది ఇబ్బంది మాత్రమే. దాన్ని కష్టమని చెప్పుకోను.

కష్టం ఏమిటో అదే బిల్డింగులో చూశాను. కోనసీమ నుంచి వచ్చిన ఒకామె నాలుగైదు ఫ్లాట్లలో వంట చేసేది. 2018లో ఏజెంటు ఆమెను విజిట్ వీసా మీద తీసుకొచ్చాడు. వచ్చాక పని వీసాగా మారుస్తానన్నాడు, మార్చలేదు. పాస్‌పోర్టు అతని దగ్గరే ఉండిపోయింది. ఖల్లివెల్లి అనే మాట మీలో కొందరికి తెలిసే ఉంటుంది. వదిలెయ్, పోనీ అని అర్థం వచ్చే అరబ్బీ మాట అది. గల్ఫ్‌లో మనవాళ్ళు కాగితాలు లేని మనిషికి దాన్ని పేరుగా పెట్టుకున్నారు. ఈమె రెండేళ్ళుగా ఖల్లివెల్లి. వీసాలన్నీ పెంచారని విని సంతోషంగా పైకి వచ్చింది. ఆ ప్రకటన ఆమెకు చదివి వినిపించాల్సిన పని నా మీద పడింది. "అయితే నాకు పెంచలేదన్నమాటేనాండి?" అని అడిగి, కాసేపు నిలబడి, కిందికి వెళ్ళిపోయింది.

నాకూ ఆమెకూ మధ్య ఉన్న గీత మార్చి 1 అనే తేదీ. నా వీసా ఆ తేదీ తరువాత ముగిసింది కాబట్టి నేను చట్టబద్ధంగా ఉన్నట్టు. ఆమెది ముందే ముగిసింది కాబట్టి ఆమె నేరం చేసినట్టు. మార్చి 1కి ముందు గడువు దాటినవాళ్ళకు మే 18 నుంచి వేరే అవకాశం ఇచ్చారు. జరిమానా లేకుండా దేశం విడిచి వెళ్ళవచ్చు. దాన్ని మొదట ఆగస్టు 18 వరకు, తరువాత నవంబరు 17 వరకు, చివరికి డిసెంబరు 31 వరకు పెంచారు. పెంచింది వెళ్ళిపోయే గడువును. ఉండే గడువును కాదు.

దీన్ని మనవాళ్ళు ఆమ్నెస్టీ అంటారు, పత్రికలు క్షమాభిక్ష అని రాస్తాయి. ఈ మాట దగ్గర మనం ఆగి ఆలోచించాలి. పొడిగింపు అంటే ఉన్న అనుమతిని సాగదీయడం. క్షమాభిక్ష అంటే తప్పు చేసినదాన్ని దయతో వదిలిపెట్టడం. పాస్‌పోర్టు దాచుకున్న ఏజెంటుకు ఎవరూ క్షమాభిక్ష పెట్టలేదు, ఎందుకంటే అతన్ని ఎవరూ పట్టుకోలేదు. అకామా రెన్యూవల్ చేయించని యజమాని కూడా క్షమాభిక్ష అడగలేదు. వాళ్ళు చేసిన పనికి స్త్రీ నేరస్తురాలైంది. కువైట్ నుంచి తిరిగొచ్చిన ఒక రాయచోటి స్త్రీ ఈ మాట మీద నాతో చాలా కోపంగా మాట్లాడింది. "మాఫీ చేసేదేందక్కా? మేమేమన్నా దొంగతనం జేసినామా? నా రెండేండ్ల జీతం వాళ్ళకాడ ఉంది. ఆళ్ళని ఎవురు మాఫీ చేసినారు?" అంది. ఇంతకంటే స్పష్టమైన విశ్లేషణ ఆ రోజుల్లో నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

కువైట్ విషయానికి వస్తాను. పాత కడప జిల్లా నుంచీ, ఉభయ గోదావరి జిల్లాల నుంచీ ఇంటి పనికి కువైట్ వెళ్ళిన స్త్రీలు ఎంతమంది ఉన్నారో ఈ హాల్లో ఉన్నవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. అక్కడ ఇంటి పని వీసాను 20 నంబరు వీసా అంటారు. రాజంపేట బస్టాండులో కూడా ఆ నంబరు అందరికీ తెలుసు. 2020 ఏప్రిల్‌లో కువైట్ ప్రభుత్వం అకామా లేనివాళ్ళకు క్షమాభిక్ష ప్రకటించింది. జరిమానా లేదు, టిక్కెట్టు ఖర్చు తామే పెట్టుకుంటామన్నారు, కొత్త వీసాతో మళ్ళీ రావచ్చన్నారు. ఒక్కో దేశం వాళ్ళకు ఐదు రోజులు కేటాయించారు. భారతీయులకు ఏప్రిల్ 16 నుంచి 20 వరకు. ఆ సమయానికి కువైట్‌లో కర్ఫ్యూ ఉంది. మనవాళ్ళు ఎక్కువగా ఉండే జిలీబ్, మహబుల్లా ప్రాంతాలను ఏప్రిల్ 6 నుంచే పూర్తిగా దిగ్బంధించారు. మన దేశమేమో విమానాలను రానివ్వడం లేదు. పేరు నమోదు చేయించుకున్నవాళ్ళు శిబిరాల్లో ఉండిపోయారు. వందే భారత్ విమానాలు మొదలైంది మే 7న. వెళ్ళిపొమ్మని ఒక ప్రభుత్వం, రావద్దని ఇంకో ప్రభుత్వం. ఆ రెండిటి మధ్య స్త్రీలు ఒక చేతిసంచీతో వారాల తరబడి కూర్చున్నారు.

క్షమాభిక్ష కింద వెళ్ళినవాళ్ళు ఇంకొకటి కూడా పోగొట్టుకున్నారు. అది రావాల్సిన జీతం. ఐదు రోజుల్లో పేరు రాయించుకుని శిబిరానికి వెళ్ళే మనిషి లేబర్ ఆఫీసులో ఫిర్యాదు ఎప్పుడు పెడుతుంది? కువైట్‌లో ఇంటి పనివాళ్ళ కోసం 2015లో చట్టం వచ్చింది. వారానికి ఒక రోజు సెలవు, రోజుకు 12 గంటలకు మించని పని, ఏడాదికి ఒక నెల జీతంతో సెలవు అని అందులో ఉంది. 2016లో నెలకు కనీసం 60 దీనార్ల జీతం నిర్ణయించారు. హక్కులు కాగితం మీద ఉన్నాయి. కానీ ఆ హక్కుల్ని అడగాలంటే ఆ దేశంలో నిలబడి ఉండాలి. నిలబడే అనుమతి మాత్రం ఎవరి మీద ఫిర్యాదు చెయ్యాలో అతని చేతిలోనే ఉంది.

అకామా ఉన్నవాళ్ళ సంగతి చూద్దాం. మార్చి నుంచి ముగిసిన అకామాలను కువైట్ ప్రభుత్వం మొదట మే 31 వరకు, తరువాత ఆగస్టు 31 వరకు, ఆపైన నవంబరు 30 వరకు తనంతట తానే పొడిగించింది. మంచిదే. కానీ ఇంటి పనివాళ్ళ అకామాను రెన్యూవల్ చేసే ఆన్‌లైన్ ఏర్పాటు యజమాని పేరు మీదే ఉంటుంది. నేను మాట్లాడిన స్త్రీలలో చాలామందికి తమ అకామా ఏ తేదీ వరకు ఉందో తెలియదు. కార్డు మామా దగ్గర, పాస్‌పోర్టు బాబా దగ్గర. మామూలు రోజుల్లో శుక్రవారం చర్చికో, బజారుకో వెళ్ళినప్పుడు తోటి ఊరి స్త్రీల ద్వారా ఇటువంటి కబుర్లు తెలిసేవి. కర్ఫ్యూలో అదీ పోయింది. ఇంట్లో వాళ్ళందరూ ఇరవై నాలుగు గంటలూ ఇంట్లోనే ఉన్నారు కాబట్టి పని మాత్రం పెరిగింది. ప్రభుత్వం తన అకామాను పొడిగించిందని ఒకామెకు నవంబరులో తెలిసింది. అప్పటిదాకా "నీకు అకామా లేదు, బయటికి పోతే పోలీసులు పట్టుకుంటారు" అని ఇంటావిడ చెబుతూ వచ్చిందట. ప్రభుత్వం ఇచ్చిన పొడిగింపు కూడా ఆ ఇంటి గుమ్మం దాటి ఆమె దాకా రాలేదు.

ఇక భార్యల సంగతి. ఇది చదువుకున్న కుటుంబాల వ్యవహారమనీ, ఇంటి పని స్త్రీల సమస్యతో కలపకూడదనీ కొందరు అంటారు. వర్గం తేడా ఉంది, కాదనను. కానీ పునాది ఒకటే. మా చెల్లెలు షార్జాలో ఒక స్కూల్లో టీచరు. ఆమె వీసా మాత్రం మా మరిది పేరు మీద ఉంది. 2020 జూన్‌లో మా మరిదికి ఉద్యోగం పోయింది. అతని వీసా రద్దు కావాలంటే ముందు భార్యాపిల్లల వీసాలు రద్దు కావాలి. మా చెల్లెలికి ఉద్యోగం ఉంది, జీతం వస్తోంది, అయినా ఆమె ఉండే అనుమతి ముందు పోవాలి. భార్యే స్పాన్సర్‌గా నిలబడవచ్చు కదా అని మేం అడిగాం. నిజమే, అంతకుముందు కొన్ని వృత్తుల స్త్రీలకే ఉన్న ఆ అవకాశాన్ని యూఏఈ 2019లో మార్చింది. వృత్తితో పని లేదు, ఆదాయం చాలన్నారు. నెలకు 4000 దిర్హములు, లేదా 3000 దిర్హములతో పాటు వసతి. స్త్రీలకూ పురుషులకూ ఒకటే నిబంధన. చూడటానికి సమానత్వం. మా చెల్లెలి జీతం 3000 లోపే. ఇండియన్ సిలబస్ స్కూళ్ళలో టీచర్లుగా ఎక్కువమంది స్త్రీలే పనిచేస్తారు, భర్త వీసా మీద ఉన్నారు కదా అని వాళ్ళకు తక్కువ జీతమిస్తారు. జీతం తక్కువ కాబట్టి భర్త వీసా మీదే ఉండాలి. ఈ గుండ్రటి దారిలో స్త్రీ తిరుగుతూనే ఉంటుంది. మా మరిదికి ఆగస్టులో తక్కువ జీతానికి ఇంకో ఉద్యోగం దొరికింది కాబట్టి వాళ్ళు బయటపడ్డారు.

అమెరికాలో మన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. హెచ్-1బి మీద పనిచేసే భర్త, హెచ్-4 మీద ఉండే భార్య. భార్య హెచ్-1బి మీదా, భర్త హెచ్-4 మీదా ఉండే కుటుంబాలు కూడా ఉన్నాయి గానీ తక్కువ. ఇక్కడ గల్ఫ్‌తో పోల్చి చూడాల్సిన విషయం ఒకటుంది. గల్ఫ్ ప్రభుత్వాలు, బ్రిటన్ ప్రభుత్వం కరోనా మొదట్లో వీసాలను మూకుమ్మడిగా పొడిగించాయి. బ్రిటన్ ముందు మే 31 వరకు, తరువాత జూలై 31 వరకు పెంచింది. ప్రజాస్వామ్యానికి పెద్దన్న అని చెప్పుకునే అమెరికా అందరికీ వర్తించే పొడిగింపు ఇవ్వలేదు. ఎవరికి వాళ్ళు దరఖాస్తు పెట్టుకోండి, ఆలస్యమైతే కారణం చూసి ఆలోచిస్తామన్నారు. హెచ్-1బి ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకో ఉద్యోగం చూసుకోవాలి, లేదా వెళ్ళిపోవాలి. ఆ గడువు పెంచమని ఎంతమంది అడిగినా పెంచలేదు. ఆ 60 రోజులు భార్యకు కూడా లెక్కే.

హెచ్-4 పొడిగింపు దరఖాస్తులకు 2019 మార్చి నుంచి వేలిముద్రలు తప్పనిసరి చేశారు, దానికి 85 డాలర్లు అదనం. 2020 మార్చి 18న వేలిముద్రలు తీసుకునే కేంద్రాలను మూసేశారు. జూలై నుంచి మెల్లగా తెరిచారు. భర్త పొడిగింపుకు వేలిముద్రలు అక్కర్లేదు కాబట్టి అతనిది పూర్తయ్యేది, భార్యది నెలల తరబడి ఆగేది. 2015 నుంచి కొందరు హెచ్-4 స్త్రీలకు పని చేసుకునే అనుమతి కార్డు ఇస్తున్నారు. హెచ్-4 పొడిగింపు ఆగితే ఆ కార్డు కూడా ఆగుతుంది. కార్డు ఆగితే ఉద్యోగం పోతుంది. చాలా రాష్ట్రాల్లో డ్రైవింగ్ లైసెన్సు గడువు కూడా వీసా గడువుతో ముడిపడి ఉంటుంది. కారు లేకపోతే పాల ప్యాకెట్టు కూడా తెచ్చుకోలేని ఊళ్ళలో ఉండే స్త్రీకి లైసెన్సు పోవడమంటే ఇంట్లో పెట్టి తాళం వేసినట్టే. పక్కన ఉన్న మనిషి మంచివాడైతే అది ఇబ్బంది. కొట్టేవాడైతే అది ప్రమాదం.

ఈ స్త్రీలు ఊరుకోలేదు, కోర్టుకు వెళ్ళారు. 2021 మే 17 నుంచి వేలిముద్రల నిబంధనను వాళ్ళకు ఆపేశారు. అదే ఏడాది నవంబరులో కుదిరిన ఒక రాజీ ఒప్పందం ప్రకారం, వీసా ఉన్నంత వరకు పని అనుమతి కార్డు కొంతకాలం తనంతట తానే పొడిగింపు పొందేలా సాధించుకున్నారు. మనం సంతోషించాల్సిన గెలుపు అది. కానీ 2025 అక్టోబరు 30 నుంచి పెట్టే దరఖాస్తులకు ఆ ఆటోమేటిక్ పొడిగింపును అమెరికా ప్రభుత్వం తీసేసింది. సౌకర్యంగా ఇచ్చినదాన్ని ఒక్క ఉత్తర్వుతో లాక్కోవచ్చని దీన్నిబట్టి అర్థమవుతుంది. హక్కుగా ఇచ్చినదాన్ని అంత తేలిగ్గా లాక్కోలేరు.

మన ప్రభుత్వం సంగతి కూడా చెప్పుకోవాలి. 2020 మార్చిలో విదేశీ వీసాలతో పాటు ఓసీఐ కార్డుల మీద ప్రయాణాన్ని కూడా ఆపేశారు. అమెరికాలో ఉద్యోగం పోయి తిరిగి రావాలనుకున్న దంపతులు భారతీయులు, అక్కడ పుట్టిన పసిబిడ్డ మాత్రం అమెరికా పౌరుడు. తల్లిదండ్రులు రావచ్చు, బిడ్డ రాకూడదు. ఒళ్ళో బిడ్డను పెట్టుకుని విమానం ఎక్కలేకపోయారు. మే 22న ఈ నిబంధనను సడలించారు. ఇంటి పనికి వెళ్ళే స్త్రీల విషయంలో మన ప్రభుత్వానిది ఇంకో రకం వైఖరి. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న 30 ఏళ్ళలోపు స్త్రీలు ఇంటి పనికి గల్ఫ్ వెళ్ళకూడదన్నారు. 2016 నుంచి ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్ళాలన్నారు. రక్షణ కోసమే అంటారు. ఇంట్లో అప్పు ఉన్న స్త్రీ వెళ్ళడం మానదు. ఏజెంటు ఇచ్చిన విజిట్ వీసా మీద దొంగచాటుగా వెళ్తుంది. ఆ కోనసీమ స్త్రీ ఖల్లివెల్లి కావడంలో మన దేశపు ఈ రక్షణకు కూడా భాగముంది.

అదే మన ప్రభుత్వం ఇక్కడ చిక్కుకుపోయిన విదేశీయుల విషయంలో చాలా ఉదారంగా ప్రవర్తించింది. 2020లో వాళ్ళ వీసాలను ఉచితంగా పొడిగించింది. 2021 జూన్‌లో ఇచ్చిన ఉత్తర్వులో, వాళ్ళు దరఖాస్తు కూడా పెట్టనక్కర్లేదు, ఆగస్టు 31 వరకు జరిమానా లేకుండా చెల్లినట్టే అని చెప్పింది. అంటే ఇది ఎలా చెయ్యాలో మన అధికారులకు బాగా తెలుసు. మన స్త్రీల కోసం ఇంకో ప్రభుత్వాన్ని ఇదే అడగడానికి మాత్రం నోరు రాలేదు.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. స్పాన్సర్ సంతకం లేకపోతే వీసా పొడిగించడం కుదరదనీ, ఎవరో ఒకరు బాధ్యత పడాలి కదా అనీ మనకు ఇన్నేళ్ళు చెబుతూ వచ్చారు. 2020లో కొన్ని నెలల పాటు, లక్షల మంది విషయంలో, ఎవరి సంతకమూ లేకుండా వీసాలు పొడిగించారు. ఏ దేశమూ కూలిపోలేదు. అంటే ఆ సంతకం పరిపాలనకు తప్పనిసరి కాదు. అది ఒక మనిషి మీద ఇంకో మనిషికి ఇచ్చిన అధికారం. కానీ ప్రభుత్వాలు తేదీని మార్చాయే గానీ, ఆ అధికారాన్ని ముట్టుకోలేదు. గడువు తీరగానే స్త్రీ అనుమతి మళ్ళీ అదే భర్త చేతికీ, అదే యజమాని చేతికీ వెళ్ళింది.

వేరే దారి లేదనేవాళ్ళకు ఉదాహరణలున్నాయి. భర్త చనిపోయిన స్త్రీలకూ, విడాకులు తీసుకున్న స్త్రీలకూ స్పాన్సర్ లేకుండా ఏడాది పాటు వీసా పొడిగించే పద్ధతిని యూఏఈ 2018 అక్టోబరు నుంచి అమలు చేసింది. భర్త చేతిలో హింసకు గురైన హెచ్-4 స్త్రీలకు పని అనుమతి ఇవ్వవచ్చని అమెరికా చట్టంలో 2006లోనే చేర్చారు, అమలుకు మాత్రం 2017 వరకు పట్టింది. ఇవి చిన్న సందులే. భర్త చనిపోవాలి, లేదా చావుదెబ్బలు కొట్టాలి, అప్పుడు గానీ స్త్రీ తన పేరు మీద నిలబడే వీలు లేదు. అయినా వీలుందని ఒప్పుకున్నాయి కదా. ఆ సందును తలుపుగా మార్చమని మనం అడగాలి.

చర్చ కోసం కొన్ని డిమాండ్లను మీ ముందు పెడుతున్నాను. భార్యగా వెళ్ళిన స్త్రీ నివాస అనుమతి ఆమె పేరు మీదే ఉండాలి, భర్త ఉద్యోగం పోయినా, పెళ్ళి తెగినా ఆమెకు సొంతంగా వ్యవధి ఉండాలి. జీతం ఇవ్వని, కొట్టే యజమాని ఇంటి నుంచి బయటికి వచ్చిన స్త్రీని పారిపోయిన నేరస్తురాలిగా చూడకూడదు, ఇంకో పని వెతుక్కోవడానికి ఆమెకు వీసా పొడిగించాలి. క్షమాభిక్ష ప్రకటించినప్పుడల్లా బాకీ జీతం ఫిర్యాదు రాసుకున్న తరువాతే మనిషిని విమానం ఎక్కించాలి, ఆ కేసు ఇక్కడి నుంచి నడుపుకునే వీలుండాలి. మహమ్మారి, యుద్ధం లాంటివి వచ్చినప్పుడు ఇచ్చే పొడిగింపులో, కాగితాలు ముందే పోయినవాళ్ళను కూడా చేర్చాలి. మన ప్రభుత్వం వయసు నిషేధాన్ని ఎత్తేసి, ఆ శ్రద్ధను ఏజెంట్ల మీద పెట్టాలి. రాయబార కార్యాలయాలు వలస వెళ్ళినవాళ్ళ దగ్గరే వసూలు చేసే రుసుములతో 2009 నుంచి ఒక సంక్షేమ నిధి నడుస్తోంది. ఆపదలో తిరిగొచ్చే ఇంటి పని స్త్రీల టిక్కెట్లకు ఆ నిధిని వాడాలి. వాళ్ళ డబ్బే అది.

ఇవన్నీ రేపే రావు. కానీ ఈ లోపల మన సంఘాలు చెయ్యగలిగిన పని ఒకటుంది. ఊళ్ళలో, మండల కేంద్రాల్లో మనం పెట్టే సమావేశాల్లో, విదేశాలకు వెళ్ళే ప్రతి స్త్రీకీ తన వీసా రకం ఏమిటో, గడువు ఎప్పటి వరకు ఉందో, ఎవరి పేరు మీద ఉందో చదివి చెప్పాలి. పాస్‌పోర్టు, వీసా పేజీల నకళ్ళు ఇంట్లో ఒకటి, సంఘంలో ఒకటి ఉంచాలి. కువైట్‌లో తన అకామా పొడిగించారన్న సంగతి నెలల తరబడి తెలియని ఆ స్త్రీకి ఒక్క ఫోన్‌కాల్‌లో ఆ కబురు చెప్పే మనిషి ఉండి ఉంటే, ఆమె ఆ ఇంట్లో అంతకాలం భయపడి ఉండేది కాదు. ఆ కబురు అందించే పని మనం రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు.

 ఈ డిమాండ్ల మీద మీ అభిప్రాయాలు, ముఖ్యంగా కువైట్, దుబాయ్ వెళ్ళి వచ్చిన అక్కచెల్లెళ్ళ అభిప్రాయాలు చర్చలో వినాలని కోరుకుంటున్నాను.